పాత కారు కొన్నవారికి న్యాయరక్షణ

సంతకు పోయి ఎద్దును కొను రైతు మొదట దాని పళ్లు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి నడక చూచును, వీలైనచో బండికి కట్టి లాగించి చూచును. వయస్సును, బలమును, గుణమును కంటితోను చేతితోను పరీక్షించు ఈ విద్య మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్నది. పాత కారును కొనబోవు గృహస్థునకు ఇట్టి సౌకర్యము లేదు. కారు ఎంత దూరము తిరిగినదో తెలుపు మీటరులోని అంకెను మార్చవచ్చును. దెబ్బ తిన్న రేకుపై క్రొత్త రంగు వేయవచ్చును. వరదనీట మునిగిన ఆసనములను కడిగి ఆరబెట్టవచ్చును. కొన్ననాడు నిగనిగలాడిన బండి నెల తిరుగకముందే మెకానిక్కు వాకిట నిలుచుట మనము వినని సంగతి కాదు.

పాత కారును కొనువారిలో చాలమంది మధ్యతరగతివారు. క్రొత్త కారు అందుబాటులో లేక, వృద్ధులైన తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసికొనిపోవుటకో, పిల్లలతో కలిసి ప్రయాణము చేయుటకో, కూడబెట్టిన సొమ్మునకు కొంత అప్పు చేర్చి కొనుచుందురు. అట్టి కొనుగోలు చెడిపోయినచో పోవునది డబ్బు మాత్రమే కాదు. బ్రేకు చెడిన బండి ప్రాణమునకే ముప్పు. కావున మోసపోయినవారికి చట్టమునందు ఎట్టి రక్షణ కలదో, ఆ రక్షణను పొందుటకు ఏమి చేయవలెనో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

ఒక ఉదాహరణమును తీసికొందము. కర్నూలులో నివసించు ఒక చిన్న ఉద్యోగి హైదరాబాదులోని ఒక పాత కార్ల వ్యాపారి వద్ద 4,20,000 రూపాయలకు ఒక కారు కొనెననుకొందము. బండి 42,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగినదనియు, ఎన్నడును ప్రమాదమునకు గురి కాలేదనియు వ్యాపారి చెప్పెను. మూడు వారములకే ఇంజను వేడెక్కి బండి నిలిచిపోయెను. విచారింపగా, రెండేండ్ల క్రిందటనే ఆ కారు 90,000 కిలోమీటర్లు తిరిగినట్లు సర్వీసు చేసిన కర్మాగారపు బిల్లులో కనిపించెను. వ్యాపారిని అడుగగా, "పాత బండి యన్న తరువాత ఇట్లే యుండును, చూచుకొనియే గదా కొంటిరి" అని సమాధానమిచ్చెను. ఈ సమాధానము న్యాయస్థానమున నిలుచునా? ఇదియే మన ప్రశ్న.

వ్యాపారి పలికిన మాట పూర్తిగా నిరాధారము కాదు. కొనువాడే జాగ్రత్తపడవలెనను సూత్రము పాతకాలము నుండి వచ్చుచున్నది. మన చట్టములును దానిని కొంతవరకు అంగీకరించినవి. 1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టములో, 17వ సెక్షను క్రింద, ఈ విషయమును వివరించుటకు గుఱ్ఱపు బేరమునకు సంబంధించిన ఉదాహరణములు ఇచ్చిరి. ఒకడు తన గుఱ్ఱమునకు జబ్బున్నదని తెలిసియు ఏమియు పలుకక వేలములో అమ్మినచో అది మోసము కాదు. కాని కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కుమార్తెయైనచో, ఆ బాంధవ్యమును బట్టి నిజము చెప్పుట అతని విధి. ఇక కొనువాడు, "నీవు కాదనకపోయినచో ఈ గుఱ్ఱము ఆరోగ్యముగా నున్నదని నేను భావింతును" అని చెప్పగా, అమ్మువాడు నోరు మెదపకపోయినచో, ఆ మౌనము మాటతో సమానము.

గుఱ్ఱములు పోయి కార్లు వచ్చినను ఈ న్యాయము మారలేదు. అమ్మువాని ఊరక మౌనము అన్ని వేళల నేరము కాదు. కాని కొనువాడు ప్రశ్నించిన తరువాత చెప్పిన అబద్ధమును, ప్రశ్నకు సమాధానముగా వహించిన మౌనమును చట్టము సహింపదు. దీనిని బట్టి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. కొన్న తరువాత మనకు లభించు న్యాయము, కొనుటకు ముందు మనము వేసిన ప్రశ్నలపైనను, వాటికి వచ్చిన సమాధానములను కాగితముపై నిలుపుకొనుటపైనను చాలవరకు ఆధారపడి యుండును. ఈ ప్రసంగపు సారాంశమంతయు ఇందులోనే యున్నది.

కాంట్రాక్టుల చట్టము ప్రకారము మోసము వలన గాని, తప్పుడు వర్ణన వలన గాని కుదిరిన ఒప్పందమును, మోసపోయినవాడు కోరినచో రద్దు చేసికొనవచ్చును. అయితే ఇందొక మినహాయింపు కలదు. సాధారణమైన శ్రద్ధతో నిజమును తెలిసికొనగల అవకాశముండియు తెలిసికొననివాడు, అమ్మినవాని మౌనమునో, మోసబుద్ధి లేని తప్పుమాటనో చూపి ఒప్పందమును రద్దు చేయలేడు. కాని అమ్మువాడు బుద్ధిపూర్వకముగా అబద్ధము చెప్పినప్పుడు, "నీవేల విచారింపలేదు?" అని తప్పించుకొనుటకు ఈ మినహాయింపు అతనికి తోడ్పడదు. మన ఉదాహరణమున మీటరును త్రిప్పినవాడు వ్యాపారియేనని గాని, అంకె తప్పని అతనికి ముందే తెలియునని గాని రుజువైనచో, అది ఉద్దేశపూర్వకమైన మోసమగును.

రెండవది 1930 నాటి వస్తువుల విక్రయ చట్టము. కొనువాడు తన అవసరమును తెలిపి, వ్యాపారి నేర్పును నమ్మి వస్తువును కొన్నచో, అది ఆ అవసరమునకు తగినదిగా నుండవలెనను షరతు, నోటితో చెప్పకపోయినను ఒప్పందములో చేరియున్నట్లే యని ఈ చట్టపు 16వ సెక్షను తెలుపుచున్నది. ఇది ఆ తరహా వస్తువులను అమ్ముట వృత్తిగా గలవానికే వర్తించును. పొరుగింటివారు తమ సొంత కారును అమ్మినప్పుడు ఇట్టి షరతు దానంతటదియే కలుగదు. మరియు, కొనువాడు వస్తువును పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో కనబడవలసిన లోపములను గురించి, సరకు నాణ్యత బాగులేదని తరువాత వాదించుటకు వీలు తక్కువ. అరిగిన టైరు కంటికి కనబడునదే. ఇంజను లోపలి పగులు అట్లు కనబడదు.

ఇచ్చట మరియొక మాట చెప్పవలసి యున్నది. పాత వస్తువు క్రొత్తదానివలె ఉండవలెనని చట్టము కోరదు. పదేండ్ల కారునకు క్లచ్చు అరుగుట, బ్యాటరీ బలహీనపడుట సహజము. వయస్సును, ధరను, చెప్పిన మాటలను బట్టి కొనువాడు న్యాయముగా ఆశింపదగిన స్థితికి బండి చాల తక్కువగా నున్నప్పుడే దానిని లోపమందురు. కొందరు వ్యాపారులు రసీదుపై "ఉన్నది ఉన్నట్లుగా అమ్మడమైనది" అని అచ్చు వేయుదురు. చెప్పకనే చేరు షరతులను ఇట్టి స్పష్టమైన ఒప్పందముతో తొలగించుటకు విక్రయ చట్టము వీలు కల్పించినది. అయినను ఆ వాక్యము అబద్ధమునకు రక్షణ కాదు. 90,000 కిలోమీటర్లను 42,000 అని చెప్పినవాడు ఆ వాక్యము చాటున దాగలేడు.

ఇక ఏ న్యాయస్థానమునకు పోవలెనన్నది, మనకు కారు అమ్మినదెవరన్న దానిని బట్టి యుండును. ఒక గృహస్థు తన సొంత కారును మరియొక గృహస్థునకు అమ్మినచో, అతడు వ్యాపారి కాడు గనుక, సాధారణముగా సివిలు కోర్టునే ఆశ్రయింపవలెను. ఒప్పంద భంగమునకు నష్టపరిహారము కోరు దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టము మూడేండ్ల గడువు ఇచ్చినది. అమ్మినది వ్యాపారియో, కంపెనీయో అయినచో వినియోగదారుల కమిషనుకు పోవచ్చును. ఇంటర్నెటు ద్వారా కొన్నవారు, కారును అమ్మినది ఆ సంస్థయేనా, లేక అది ఇరువురిని పరిచయము చేసిన మధ్యవర్తి మాత్రమేనా యన్నది రసీదులో చూచుకొనవలెను. రసీదుపై ఎవరి పేరున్నదో వారే మొదటి బాధ్యులు.

వినియోగదారుల రక్షణకు 1986లో వచ్చిన చట్టమునకు బదులుగా 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జూలై నుండి అమలులోనికి వచ్చినది. ఈ చట్టము క్రొత్త వస్తువులకే గాక పాత వస్తువులకును వర్తించును. తిరిగి అమ్ముటకు గాని, వాణిజ్యమునకు గాని కొన్నవారు దీని క్రింద వినియోగదారులు కారు. అయితే తానే నడుపుకొని జీవనము సాగించుటకు టాక్సీ కొన్నవానికి ఈ నిషేధము లేదు; అతడును వినియోగదారుడే.

చెల్లించిన ధర 50 లక్షల రూపాయలకు మించనిచో ఫిర్యాదు జిల్లా కమిషను ఎదుట దాఖలు చేయవలెను. 5 లక్షల వరకు రుసుమేమియు లేదు. వకీలును నియమించుకొనుట నిర్బంధము కాదు, స్వయముగా వాదించుకొనవచ్చును. అన్నిటికంటె మేలైనదేమనగా, ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును. కావున మన ఉదాహరణములోని ఉద్యోగి హైదరాబాదు చుట్టు తిరుగ నక్కరలేదు. కర్నూలులోనే, పైసా రుసుము లేకుండ, ఫిర్యాదు చేయవచ్చును. కారణము పుట్టిన నాటి నుండి రెండేండ్లలోపల చేయవలెనన్నది మాత్రము మరువరాదు.

లోపము బయటపడిన వెంటనే ఏమి చేయవలెను? చాలమంది తొందరలో బండిని దగ్గరి మెకానిక్కునకు అప్పగించి, భాగములు విప్పించి, క్రొత్తవి వేయించి, బిల్లు పట్టుకొని వ్యాపారి వద్దకు పోవుదురు. దీని వలన ముఖ్యమైన సాక్ష్యము చేజారిపోవును. లోపము మొదటినుండియే యున్నదా, మీ చేతిలో చెడినదా యన్న ప్రశ్నకు అప్పుడు జవాబు దొరకదు. అందువలన మొదట బండిని నడుపుట మానవలెను. మీటరు అంకెతో సహా ఛాయాచిత్రములు తీసికొనవలెను. అమ్మినవారితో సంబంధము లేని, అర్హతగల మెకానిక్కుచేత పరీక్షింపజేసి, లోపమేమిటో, అది ఎంతకాలము నుండి యుండవచ్చునో వ్రాతపూర్వకముగా పొందవలెను. తప్పనిసరియై భాగములను మార్చినచో, పాత భాగములను పారవేయక భద్రపరుపవలెను.

తరువాత అమ్మినవారికి ఒక లేఖ వ్రాయవలెను. కొన్న తేదీ, చెల్లించిన ధర, వారు చెప్పిన మాటలు, బయటపడిన నిజము, మీరు కోరునది వరుసగా తెలిపి, పదునైదు దినముల వంటి ఒక గడువును ఇచ్చి, చేరినట్లు రుజువు దొరకు తపాలా ద్వారా పంపవలెను. ఇందు ఆలస్యము తగదు. లోపము తెలిసియు నెలల తరబడి బండిని వాడుకొన్నచో, మీరు దానిని అంగీకరించినట్లు చట్టము భావించును. అప్పుడు బండిని త్రిప్పి యిచ్చి ధర మొత్తము పొందు హక్కు సన్నగిల్లి, నష్టపరిహారము కోరు హక్కు మాత్రము మిగులును. లేఖకు జవాబు రానిచో, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అచ్చట తీర్పు చెప్పరు. కాని కంపెనీతో మాటలాడి రాజీ కుదుర్చుటకు ప్రయత్నింతురు.

రాజీ కుదరనిచో ఫిర్యాదు. ఇది పెద్ద గ్రంథము కానక్కరలేదు. ఎవరు, ఎవరిపై, ఏమి జరిగినది, ఏమి కోరుచున్నారు అన్నవి తేదీల క్రమమున వ్రాసి, ప్రకటన ప్రతి, రసీదు, బ్యాంకు ద్వారా చెల్లించిన ఆధారము, ఫోను సందేశములు, సర్వీసు బిల్లులు, మెకానిక్కు నివేదిక జతపరచవలెను. ఫిర్యాదు అందినట్లు ఎదుటి పక్షమునకు తెలిసిన నాటి నుండి 30 దినములలో వారు జవాబీయవలెను. కమిషను మరి 15 దినములు మాత్రమే పొడిగింపగలదు. లోపమును ప్రయోగశాలలో పరీక్షింపవలసి వచ్చినచో ఐదు నెలలలో, లేనిచో మూడు నెలలలో ఫిర్యాదును పరిష్కరించుటకు యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఆచరణలో ఇంతకంటె ఎక్కువ కాలము పట్టుట కలదు, ఓర్పు వహింపవలెను.

ఫిర్యాదు రుజువైనచో కమిషను లోపమును సరిచేయింపవచ్చును. ధరను వడ్డీతో తిరిగి ఇప్పింపవచ్చును. కలిగిన నష్టమునకు పరిహారమును, ఖర్చులను ఇప్పింపవచ్చును. తీర్పు నచ్చనివారు 45 దినములలో రాష్ట్ర కమిషనుకు అప్పీలు చేసికొనవచ్చును. అయితే డబ్బు చెల్లింపుమని ఆజ్ఞ పొందినవారు ఆ మొత్తములో సగము ముందు జమ చేసిన గాని అప్పీలు స్వీకరింపబడదు. ఆజ్ఞను పాటింపనివారికి జైలుశిక్షయో, జరిమానాయో, రెండునో విధించు అధికారము కమిషనుకు కలదు.

పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చునా యని పలువురు అడుగుదురు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షను వంచనను శిక్షించుచున్నది. అంతకు పూర్వము శిక్షాస్మృతిలోని 420వ సెక్షను ఈ పని చేసెడిది. కాని మాట తప్పిన ప్రతివాడు వంచకుడు కాడు. మొదటినుండియు మోసగించు తలంపు ఉన్నట్లు కనబడవలెను. మీటరు త్రిప్పుట, దొంగ కాగితములు చూపుట, ఒకే బండిని ఇద్దరికి అమ్ముట వంటివి ఈ కోవకు చెందును. పోలీసు కేసు వలన దోషికి శిక్ష పడవచ్చును గాని, మన డబ్బు దానంతటదియే తిరిగి రాదు. అందుకు కమిషనో, సివిలు కోర్టో తప్పదు.

యంత్రములో ఏ లోపము లేకున్నను హక్కులో లోపముండవచ్చును. దొంగ బండిని తెలియక కొన్నవాడు దానిని అసలు యజమానికి అప్పగింపవలసినదే. అమ్మినవాని నుండి ధరను రాబట్టుకొనుటయే అతనికి మిగిలిన మార్గము. తీరని అప్పుపై కుదువ ఉన్న బండి కూడ ఇట్టి చిక్కునే తెచ్చును. అందుచేత ఆర్.సి.లో ఫైనాన్సు సంస్థ పేరున్నదేమో, అప్పు తీరినట్లు ఆ సంస్థ పత్రమిచ్చినదో లేదో రవాణా శాఖవారి పరివాహన్ సేవలో ముందే సరిచూడవలెను.

పేరు మార్పిడి విషయమున అశ్రద్ధ ఇరువురికిని హానికరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రములో అమ్మకము జరిగినచో అమ్మినవారు 14 దినములలోను, కొన్నవారు 30 దినములలోను రవాణా శాఖకు తెలుపవలెను. పేరు మారనంతవరకు, ప్రమాదము జరిగినప్పుడు పరిహారపు బాధ్యత రిజిస్టరులో పేరున్న యజమానిదేయని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కావున కారు అమ్మి తాళములు ఇచ్చి చేతులు దులుపుకొన్నవారికిని ముప్పు తొలగలేదు. కొన్నవారు బీమాను కూడ 14 దినములలో తమ పేరిట మార్పించుకొనుటకు కోరవలెను. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము పాత వాహనముల వ్యాపారి రవాణా శాఖ నుండి అధికార పత్రము పొందవలెను. ఆ పత్రమును చూపుమని అడుగుటకు మొగమాటపడరాదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె ముందు జాగ్రత్త మేలు గదా! బయానా ఇచ్చుటకు పూర్వమే ఐదు ప్రశ్నలను కాగితముపై వ్రాసి, అమ్మువారి జవాబులను వారి సంతకముతో తీసికొనుడు. బండి నిజముగా ఎన్ని కిలోమీటర్లు తిరిగినది? ప్రమాదమునకు గురియైనదా? వరదలో మునిగినదా? ఇంజనులోగాని, గేరులోగాని, బ్రేకులోగాని మీకు తెలిసిన లోపము కలదా? అప్పుగాని, చలానుగాని, కేసుగాని మిగిలియున్నదా? ఈ ఐదే. నిజాయితీపరుడు వీటికి సంతకము చేయుటకు జంకడు. జంకినవానితో బేరము మానుకొన్నచో, మనము కోర్టు మెట్లెక్కు పని తప్పును.

సర్వీసు చేసిన చోట పాత బిల్లులను చూచినచో మీటరు అంకె బయటపడును. 2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడయందును సంభవించిన వరదలను ఎవరును మరువలేదు. అట్లు నీట మునిగిన బండిని గుర్తించుటకు సీటు బెల్టును చివరివరకు లాగి చూడుడు. కడగని కొనయందు బురద చార కనబడవచ్చును. ఆసనముల క్రింది ఇనుమునకు పట్టిన త్రుప్పును, తివాచీ క్రింది ముక్కవాసనను గమనింపుడు. నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకొని పోవుటకగు ఖర్చు, తరువాత కలుగు నష్టముతో పోల్చిన అత్యల్పము.

ఖర్చునకు వెరచి న్యాయమును వదలుకొనువారు మరియొక సంగతి తెలిసికొనవలెను. 1987 నాటి చట్టము క్రింద ప్రతి జిల్లాలోను న్యాయసేవాధికార సంస్థ పనిచేయుచున్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ అచ్చట ఉచిత న్యాయసహాయము లభించును. అల్పాదాయము గల ఇతరులకును లభించును.

పాత వస్తువుల వ్యాపారము చెడ్డది కాదు. దాని వలననే ఎన్నో కుటుంబములు తమ శక్తికి తగిన వాహనమును పొందుచున్నవి. అందు నిజాయితీగా అమ్మువారు అనేకులు కలరు. ప్రశ్నలడిగి జవాబులు వ్రాయించుకొను కొనుగోలుదారుని వలన అట్టివారికి నష్టము లేదు. పైగా రేపు ఏదైన వివాదము వచ్చినచో, తాము నిజము చెప్పితిమని చూపుటకు ఆ కాగితమే వారికిని సాక్షి యగును. ఇంట కారు కొనవలెనను ఆలోచన వచ్చిననాడు, ధరను గురించి ఎంత చర్చింతుమో ఆ ఐదు ప్రశ్నలను గురించి కూడ అంత చర్చింతుము గాక.